రాత్రి నానబెట్టే ఓట్స్

పొద్దున్నే పొయ్యి వెలిగించే ఓపిక లేదా? రాత్రే గాజు సీసాలో అర కప్పు రోల్డ్ ఓట్స్, ముప్పావు కప్పు కాచి చల్లార్చిన పాలు, రెండు చెంచాల పెరుగు, చిటికెడు దాల్చినచెక్క పొడి, దంచిన యాలకులు రెండు వేసి కలిపి ఫ్రిజ్‌లో పెట్టేయండి. ఇన్‌స్టంట్ ఓట్స్ అయితే తెల్లారేసరికి జావైపోతాయి. ఖర్జూరాలు మూడు సన్నగా తరిగి రాత్రే వేస్తే తీపి పాలల్లోకి దిగుతుంది, పంచదార అక్కర్లేదు. అరటిపండు మాత్రం తినేముందే కోయాలి, లేకపోతే నల్లబడుతుంది. ఉడికించని అనాస ముక్కలైతే అసలు రాత్రి వేయొద్దు. నేనోసారి వేశాను, పొద్దునకి పాలన్నీ చేదెక్కి సీసా మొత్తం పారబోయాల్సి వచ్చింది. దానిమ్మ గింజలకి ఆ గొడవ లేదు, పైన చల్లుకుంటే పంటికింద కరకరలాడతాయి. గట్టిగా అనిపిస్తే ఇంకాస్త పాలు కలపండి.