సీలియాక్ వ్యాధితో జీవనం: గ్లూటెన్ లేని ఆహారాన్ని ఇంట్లో అమలు చేయడం ఎలా?

గోధుమ, బార్లీ వంటి గింజలలోని గ్లూటెన్ అనే మాంసకృత్తుల వల్ల పేగు దెబ్బతినే జబ్బు సీలియాక్. ఆ వ్యాధి ఉందేమోనన్న అనుమానం రాగానే చాలామంది చేసే మొదటి పని గోధుమలు మానేయడం. పరీక్షలన్నీ పూర్తయ్యేవరకు దయచేసి ఆ పని చేయకండి. ఈ వ్యాధిని గుర్తించే ప్రధానమైన రక్తపరీక్ష టిష్యూ ట్రాన్స్‌గ్లూటమినేజ్ అనే ఎంజైముకు వ్యతిరేకంగా శరీరం తయారుచేసే ఐజీఏ అనే రకం యాంటీబాడీలను కొలుస్తుంది. గ్లూటెన్ తింటున్నవారిలోనే ఆ పరీక్ష ఫలితాన్ని నమ్మవచ్చు. మానేసిన కొంతకాలానికి యాంటీబాడీలు తగ్గుతాయి, పేగు కోలుకోసాగుతుంది, జబ్బు ఉండి కూడా లేనట్టే నివేదిక వస్తుంది. నేను సరిగ్గా ఈ పొరపాటే చేసి, నిర్ధారణ కోసం మళ్లీ ఎనిమిది వారాలపాటు రోజూ బ్రెడ్ తిన్నాను. అప్పటికే తగ్గిన కడుపునొప్పిని, నీరసాన్ని కావాలని తిరిగి తెచ్చుకోవడం ఎంత కష్టమో అనుభవించాను కనుకనే ఈ మాటను అన్నిటికంటే ముందు చెబుతున్నాను.

రక్తపరీక్షతోపాటు మొత్తం ఐజీఏ ఎంత ఉందో కూడా చూడమని వైద్యులను అడగండి. కొందరి శరీరంలో ఐజీఏ పుట్టుకతోనే తక్కువగా ఉంటుంది. అలాంటివారికి జబ్బు ఉన్నా పరీక్షలో కనబడదు. ఆ తర్వాత సాధారణంగా ఎండోస్కోపీ చేసి, చిన్నపేగు మొదటి భాగం నుంచి చిన్న చిన్న ముక్కలు తీసి పరిశీలిస్తారు.

ఈ వ్యాధి అలర్జీ కాదు, కేవలం అరుగుదల లోపమూ కాదు. గోధుమ, బార్లీ, రై (గోధుమను పోలిన ఒక ధాన్యం) గింజలలోని గ్లూటెన్ అనే మాంసకృత్తుల సముదాయం పేగులోకి చేరినప్పుడు శరీర రక్షణ వ్యవస్థ పొరబడి తన పేగు పొరపైనే దాడి చేస్తుంది. పోషకాలను పీల్చుకోవడానికి ఆ పొరపై వేళ్లలా లేచి ఉండే సన్నని మొలకలు అరిగిపోయి చదునవుతాయి. ప్రపంచ జనాభాలో సుమారు ఒక శాతం మందికి ఈ వ్యాధి ఉందని అంచనా. విరేచనాలు, కడుపుబ్బరం ఉంటేనే సీలియాక్ అనుకోవడం సరికాదు. ఐరన్ మాత్రలకు లొంగని రక్తహీనత, ఎముకలు పలచబడటం, నోటిపూత, పిల్లల్లో ఎదుగుదల ఆగిపోవడం, మోచేతుల మీద, మోకాళ్ల మీద విపరీతమైన దురదతో నీటిపొక్కులు రావడం కూడా దీని లక్షణాలే. కొందరికి ఏ బాధా తెలియదు, అయినా లోపల పేగు దెబ్బతింటూనే ఉంటుంది. కాబట్టి "తిన్నా ఏమీ కాలేదు" అన్నది ఎప్పటికీ ప్రమాణం కాదు.

ఈ జబ్బుకు మూలం గోధుమలో ఉందని తేల్చినది విల్లెమ్ డికె అనే డచ్చి పిల్లల వైద్యుడు. రెండో ప్రపంచ యుద్ధం చివరలో, 1944-45 చలికాలపు కరువులో నెదర్లాండ్స్‌లో బ్రెడ్ దొరకనప్పుడు ఈ జబ్బు ఉన్న పిల్లలు తేరుకోవడం, బ్రెడ్ తిరిగి రాగానే మళ్లీ క్షీణించడం ఆయన గమనించారు. అప్పటికి కొన్నేళ్లుగా ఆయనకున్న అనుమానానికి అది బలమిచ్చింది. 1950లో తన పరిశోధన గ్రంథంలో దానిని వివరించారు. నేటికీ చికిత్స అదే: గ్లూటెన్‌ను జీవితాంతం పూర్తిగా మానేయడం.

"పూర్తిగా" అన్న మాటకు ఇక్కడ కొలత ఉంది, దానిని తెలుసుకుంటే అనవసర భయమూ అనవసర ధైర్యమూ రెండూ తగ్గుతాయి. రోజుకు 10 మిల్లీగ్రాములలోపు గ్లూటెన్ చాలామంది రోగులకు హాని చేయదని, 50 మిల్లీగ్రాములు రోజూ నెలల తరబడి చేరితే పేగు దెబ్బతినవచ్చని పరిశోధనల్లో తేలింది. మామూలు బ్రెడ్ ముక్క ఒక్కదానిలో సుమారు రెండు గ్రాముల గ్లూటెన్ ఉంటుంది. అంటే ఆ ముక్కలో నలభయ్యో వంతు, చేతికి అంటుకున్నంత పొడి, రోజూ చేరితే హాని చేయడానికి చాలు. మరోవైపు, అంతర్జాతీయ ఆహార ప్రమాణాలను నిర్ణయించే కోడెక్స్ ప్రకారం "గ్లూటెన్ రహితం" అని రాయాలంటే కిలో ఆహారంలో 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు. అలాంటి ఆహారం రోజుకు అరకిలో తిన్నా 10 మిల్లీగ్రాముల హద్దు దాటదు.

అందువల్ల అసలు పని కొనే సరుకుల దగ్గరకంటే వంటగదిలోనే ఎక్కువ. జామ్ సీసా మూత తీసి, కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి లోపలికి చూడండి. బ్రెడ్‌కు జామ్ రాసిన కత్తినే మళ్లీ సీసాలో ముంచే ఇల్లయితే, జామ్ పైన గోధుమరంగు పొడి చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. సీసా మీద రాసిన పదార్థాల పట్టికలో గ్లూటెన్ మచ్చుకైనా ఉండదు, సీసాలో మాత్రం ఉంటుంది. వెన్న డబ్బా, తేనె సీసా, ఉప్పు గిన్నె, అన్నిటిదీ ఇదే కథ. వీటిని వేరుగా ఉంచి, మూత మీద స్పష్టంగా గుర్తు వేసుకోవడం ఒక్కటే నమ్మదగిన మార్గం. ఇంట్లో అందరూ కొత్త అలవాటులో పడేవరకు రంగు టేపు చాలా ఉపయోగపడుతుంది.

పాత్రల విషయంలో నునుపైన స్టీలు, గాజు సామాన్లను సబ్బునీళ్లతో బాగా తోమితే సరిపోతుంది. చెక్క గరిటెలు, చెక్క పీటలు, గీతలు పడిన నాన్‌స్టిక్ పెనాలు, పిండి జల్లెడలు, పాస్తా వార్చే చిల్లుల గిన్నెలు, టోస్టర్లు మాత్రం వేరుగా కొత్తవి పెట్టుకోవాలి, ఎందుకంటే వాటి సందుల్లో ఇరుక్కున్న పిండిని ఎంత కడిగినా పూర్తిగా తీయలేము. వేడి చేస్తే గ్లూటెన్ పోతుందన్న నమ్మకం తప్పు. అది క్రిమి కాదు చావడానికి. అదే కారణంగా శానిటైజర్ కూడా పనికిరాదు, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. మైదా పిండితో చేసినవి వేయించిన నూనెలో మరేదీ వేయించి తినకూడదు. గోధుమ పిండి కలిపేటప్పుడు లేచే దుమ్ము గాలిలో తేలి పక్కన మూతలేని గిన్నెలో పడుతుంది కాబట్టి, రెండు రకాల వంటా ఒకే ఇంట్లో జరిగితే గ్లూటెన్ లేని వంటను ముందు ముగించి మూతపెట్టిన తర్వాతే రెండోది మొదలుపెట్టండి. అల్మరాలో కూడా గ్లూటెన్ లేని సరుకులు పై అరలో ఉండాలి, పిండి కిందికి రాలుతుంది గనుక.

ఏమి తినవచ్చన్న జాబితా నిజానికి పెద్దదే. బియ్యం, మొక్కజొన్న, జొన్న, సజ్జ, రాగి, ఇతర చిరుధాన్యాలు, క్వినోవా, పప్పుధాన్యాలు, కూరగాయలు, పండ్లు, పాలు, గుడ్లు, చేపలు, మాంసం సహజంగా గ్లూటెన్ లేనివి. బక్‌వీట్ పేరులో గోధుమ ఉన్నా అది గోధుమ జాతి కాదు. అయితే ఈ గింజలనే గోధుమ ఆడించిన మరలో పిండి పట్టిస్తే ప్రయోజనం పోయినట్టే. గింజలుగా కొని ఏరుకుని, కడిగి, ఇంట్లో పిండి చేసుకోవడం మేలు. ఓట్స్‌ది ప్రత్యేకమైన సమస్య: వాటిలో గ్లూటెన్ లేదుగానీ, పొలంలోనూ మిల్లులోనూ గోధుమ, బార్లీ గింజలు కలిసిపోతాయి. గ్లూటెన్ రహితమని ధ్రువీకరించిన ఓట్స్‌నే, అది కూడా జబ్బు అదుపులోకి వచ్చాక వైద్యుల సలహాతో, కొద్దికొద్దిగా ప్రారంభించాలి. కొద్దిమందికి అవి కూడా పడవు.

లేబుల్ చదివేటప్పుడు గోధుమ వేర్వేరు పేర్లతో ఎదురవుతుంది. మైదా, బొంబాయి రవ్వ, సెమోలినా, డ్యూరమ్, స్పెల్ట్, కముట్, బల్గర్, కూస్‌కూస్, సేటాన్ అన్నీ అదే కుటుంబం. ట్రిటికేల్ గోధుమకూ రైకీ పుట్టిన సంకరం. మాల్ట్ అన్న మాట కనబడితే అది దాదాపు ఎప్పుడూ బార్లీయే. మొక్కజొన్న అటుకుల్లో, చాక్లెట్లలో, పాలలో కలుపుకునే పొడుల్లో అది తరచుగా ఉంటుంది. సోయా సాస్‌ను సాధారణంగా గోధుమతో కలిపి పులియబెడతారు. బీరు బార్లీతో తయారవుతుంది. "గోధుమ లేదు" అన్న ముద్ర "గ్లూటెన్ లేదు" అన్నదానికి సమానం కాదు, బార్లీ ఉండవచ్చు. పేరు చూసి భయపడనక్కరలేనివి కూడా ఉన్నాయి: మాల్టోడెక్స్‌ట్రిన్, గ్లూకోజ్ సిరప్ సురక్షితమైనవే. ఎప్పుడూ కొనే వస్తువే అయినా తయారీదారులు పదార్థాలు మారుస్తుంటారు కనుక ప్రతిసారీ చదవండి. మందుల మాత్రల్లో వాడే పిండి పదార్థం దేనిదో ఫార్మసిస్టును అడగండి.

బయట తినవలసి వచ్చినప్పుడు "ఇందులో గ్లూటెన్ ఉందా" అని అడిగితే తరచుగా తెలియని సమాధానమే వస్తుంది. "దీన్ని దేనితో చిక్కబరిచారు, ఏ నూనెలో వేయించారు, అదే పెనం మీద ఇంకేమి చేస్తారు" అని అడిగితే వండేవారికి అర్థమవుతుంది. సమాధానం తడబడితే పండో, ఉడికించిన గుడ్డో తిని రావడంలో తప్పేమీ లేదు. ఎవరి ఇంటికైనా వెళ్లేటప్పుడు మీ భోజనం మీరు తీసుకువెళ్లడం వారిని అవమానించడం కాదని ముందుగా ఫోన్‌లో చెబితే ఇద్దరికీ ఇబ్బంది ఉండదు.

పొరపాటున గ్లూటెన్ తిన్నా కంగారు పడవద్దు. దాన్ని విరిచే మందంటూ లేదు. నీళ్లు బాగా తాగి, తేలికగా తిని, విశ్రాంతి తీసుకుని, ఎక్కడ జారిందో గుర్తించి రాసిపెట్టుకోండి. ఎలాగూ తిన్నాం కదా అని ఆ రోజంతా సడలించడం మాత్రం ప్రమాదం.

నిర్ధారణ జరిగినప్పుడు ఐరన్, ఫోలేట్, బి12, విటమిన్ డి స్థాయిలను, అవసరమైతే ఎముకల సాంద్రతను చూపించుకోవాలి. పాలు పడకపోవడం మొదట్లో మామూలే, పేగు మానేకొద్దీ చాలామందిలో అది తగ్గుతుంది. యాంటీబాడీలు మామూలు స్థాయికి రావడానికి సంవత్సరం పైన పట్టవచ్చు. పెద్దవారిలో పేగు పూర్తిగా మానడానికి రెండేళ్లయినా పడుతుంది. గ్లూటెన్ రహిత బిస్కెట్లు, కేకులలో పీచు తక్కువ, చక్కెర, కొవ్వు ఎక్కువ. వాటితో కడుపు నింపుకుంటే బరువు పెరిగి పోషకాలు మాత్రం అందవు.

రోగి తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లల్లో సుమారు పదిమందిలో ఒకరికి ఈ వ్యాధి ఉండే అవకాశం ఉంది. అందుచేత ఇంటిల్లిపాదీ గ్లూటెన్ మానేద్దామని నిర్ణయించుకుంటే, వారందరికీ రక్తపరీక్ష చేయించిన తర్వాతే గోధుమ పిండి డబ్బాను వంటగది నుంచి తీసేయండి.