హాలోవీన్ గుమ్మడి గింజలను పారేయకుండా
అక్టోబరు 31కి పిల్లలతో కలిసి గుమ్మడికాయను దీపంగా చెక్కినప్పుడల్లా, పీచుకు అతుక్కున్న గింజలను ఒక్కొక్కటిగా ఒలవలేక చెత్తబుట్టలో పడేసేవాళ్ళం. ఈసారి లోపలి గుజ్జునంతా పెద్ద గిన్నెడు చన్నీళ్ళలో వేసి చేత్తో పిసికితే, గింజలు పైకి తేలాయి, పీచు చాలావరకు అడుగుకు దిగింది. అలా తీసిన 2 కప్పుల గింజలను, ఒక టేబుల్‌స్పూను ఉప్పు కలిపిన 4 కప్పుల నీటిలో 10 నిమిషాలు ఉడికించి, వడకట్టి, పొడిగుడ్డపై బాగా ఆరబెట్టి, చెంచాడు నూనె, అర చెంచా కారం పట్టించి, ఓవెన్‌లో 350 డిగ్రీల ఫారెన్‌హీట్ వద్ద మధ్యలో ఒకసారి కలుపుతూ సుమారు 15 నిమిషాలు వేయిస్తే, పెంకుతో సహా కరకరలాడతాయి. పెరుగన్నంలో నంజుకోవడానికి ఇవి ఎంతో బాగుంటాయి. గింజలలో తడి మిగిలితే మాత్రం ఆ సమయానికి సరిగా వేగక మెత్తగా సాగుతాయి కనుక, ఆరబెట్టడంలో తొందరపడకండి.