ఇంట్లో నేర్చుకునే సైన్సు – నాలుగో పాఠం: పసుపు చెప్పేదీ, చెప్పలేనిదీ

పరిశీలనను ఒక వరుసలోనూ, దాని నుంచి తీసిన నిర్ధారణను మరో వరుసలోనూ రాయడం గత పాఠంలో మొదలుపెట్టాం. ఆ రెండింటినీ ఎందుకు కలపకూడదో ఈ వారం ఒక పసుపు కొమ్ముతో తెలుసుకుందాం. పసుపు యార్డుకు పేరుపడ్డ దుగ్గిరాల మన గుంటూరు జిల్లాలోనే ఉంది కనుక కొమ్ము దొరకడం కష్టం కాదు. పొడి కొనవద్దు, మొదటి పరిశీలనకు కొమ్మే కావాలి.

కొమ్మును వెలుతురులో తిప్పి చూస్తే దాని చుట్టూ ఉంగరాల వంటి గీతలు కనిపిస్తాయి. అవి కణుపులు. కణుపులు ఉండేది కాండానికే గాని వేరుకు కాదు కనుక, మట్టిలో పెరిగినప్పటికీ పసుపు కొమ్ము కాండమే అవుతుంది. చిలగడదుంపను పక్కన పెట్టి చూడండి, దాని మీద ఈ గీతలు ఉండవు, అది వేరు. ‘నేలలో ఉంది కాబట్టి వేరు’ అని రాసే పిల్లలు చూడవలసింది చూడకుండానే నిర్ధారణకు వచ్చేస్తున్నారు.

ఇప్పుడు కొమ్మును దంచి, చిటికెడు పొడిని రెండు చెంచాల సర్జికల్ స్పిరిట్‌లో కలపండి. పసుపులోని రంగు పదార్థమైన కర్క్యుమిన్ నీటిలో దాదాపుగా కరగదు, స్పిరిట్‌లో కరుగుతుంది. స్పిరిట్ త్వరగా అంటుకుంటుంది కనుక ఈ పని పొయ్యికి దూరంగా, పెద్దవాళ్ల ఎదుట చేయాలి. తెల్లని వడపోత కాగితం ముక్కలను అందులో ముంచి ఆరబెట్టి, వాటి మీద వేరువేరుగా నిమ్మరసం, మంచినీళ్లు, సున్నపు తేట ఒక్కొక్క చుక్క వేయండి. సున్నం కంట్లో పడితే ప్రమాదం కనుక పై తేటను మాత్రమే, జాగ్రత్తగా వాడాలి.

సున్నపు తేట క్షారం. అది పడిన చోట కాగితం ఎర్రబడుతుంది. దిష్టి తీసే ఎర్రనీళ్లలో మన ఇళ్లలో అందరూ చూసిన మార్పు ఇదే. ఎర్రబడిన చోటనే నిమ్మరసం వేస్తే పసుపు రంగు తిరిగి వస్తుంది.

అసలు చిక్కు మిగిలిన రెండు ముక్కల దగ్గర ఉంది. నిమ్మరసం వేసిన ముక్కా, మంచినీళ్లు వేసిన ముక్కా పసుపుగానే ఉంటాయి. నేను పాఠం చెప్పే పదో తరగతి పిల్లల్లో చాలామంది ఇక్కడ ‘రంగు మారలేదు, కాబట్టి ఇది ఆమ్లం’ అని రాస్తారు. నిమ్మరసం ఆమ్లమన్న మాట నిజమే, కాని ఆ సంగతి వారికి ముందే తెలుసు. కాగితం చెప్పింది కాదు. ద్రావణం ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే పి.హెచ్. విలువ తటస్థ స్థానమైన 7 దాటి క్షారం వైపు కొంత దూరం వెళ్తే తప్ప కర్క్యుమిన్ రంగు మారదు కనుక, ఆమ్లానికీ తటస్థ ద్రావణానికీ ఉన్న తేడాను ఈ కాగితం చూపలేదు. ‘రంగు మారలేదు, ద్రావణం ఆమ్లం కావచ్చు, తటస్థం కావచ్చు, చాలా బలహీన క్షారమూ కావచ్చు’ అని రాయడమే సరైన నిర్ధారణ. పూర్తి జవాబు కాకపోయినా, నిజాయితీ గల జవాబు అదే.

రంగు మారడానికి కారణం కూడా తెలుసుకోవాలి. కర్క్యుమిన్ అణువు నీలం, ఊదా కాంతిని శోషించుకోగా మిగిలిన కాంతి మన కంటికి పసుపుగా కనిపిస్తుంది. క్షారంలో ఆ అణువు హైడ్రోజన్ అయాన్‌ను కోల్పోతుంది. అప్పుడు అది శోషించుకునే కాంతి ఎక్కువ తరంగదైర్ఘ్యం వైపు, అంటే ఆకుపచ్చ వైపు జరుగుతుంది. అందువల్ల ఎరుపు మిగులుతుంది. జీవశాస్త్రానికి, భౌతిక రసాయన శాస్త్రానికి ప్రశ్నపత్రాలు వేరైనా, కొమ్ము ఒక్కటే.

వచ్చే వారానికి నాలుగు ఎర్ర మందార పూల రేకులను వేడినీళ్లలో నానబెట్టి, ఆ నీటిని వడకట్టి సిద్ధంగా ఉంచండి. పసుపు విడదీయలేని ఆ రెండు ద్రావణాలనూ, అంటే నిమ్మరసాన్నీ మంచినీళ్లనూ, అందులో వేరువేరుగా కలిపి, కనిపించిన రంగులను మాత్రమే రాసుకోండి. నిర్ధారణ వరుసను ఖాళీగా వదిలి తీసుకురండి.