పాత సౌండ్‌హోల్ పికప్‌కి ఏ తీగలు?

పాత డీఆర్మండ్ కంపెనీ పికప్ లాంటి సౌండ్‌హోల్ పికప్‌ని (గిటార్ మధ్య రంధ్రంలో బిగించి, తీగల మోతను ఆంప్‌కి, అంటే శబ్దం పెంచే పెట్టెకి, పంపే పరికరం) అకూస్టిక్ గిటార్‌కి పెట్టగానే సన్నటి రెండు తీగలు చెవులు చిల్లులు పడేలా మోగుతాయి, మందపు తీగలేమో నూతిలోంచి మాట్లాడినట్టుంటాయి. పికప్ పాడైందని టెన్షన్ పడకండి. అది అయస్కాంతంతో పనిచేసేది. మందపు తీగల మీది బ్రాంజ్ చుట్టును అది పట్టించుకోదు, లోపలి ఉక్కునే గుర్తిస్తుంది. సన్న తీగలు మొత్తం ఉక్కే కదా!

అందుకే, అయస్కాంతం గుర్తించే నికెల్ చుట్టిన ఎలక్ట్రిక్ గిటార్ తీగలు వేసి చూడండి. ఆంప్ లేకుండా వాయిస్తే మెరుపు కాస్త తగ్గుతుంది, నాకైతే అది పెద్ద నష్టమనిపించలేదు. బ్రాంజ్ తీగలే కావాలంటే పికప్‌ని సన్న తీగల వైపు కొంచెం కిందికి దించి బిగించండి. పికప్ సింగిల్ కాయిల్‌ది (లోపల ఒకే వైరు చుట్ట ఉన్నది) అయితే ట్యూబ్‌లైట్ దగ్గర గుయ్‌మంటుంది, కాస్త పక్కకు తిరిగి కూర్చోండి.