గుమ్మం ముందు ర్యాంపు: స్కూటర్‌కి కాదు, వీల్‌చెయిర్‌కి

ముందు గుమ్మం ఎత్తు కొలవండి. అంగుళం ఎత్తుకు కనీసం అడుగు పొడవు వాలు కావాలి, అంటే 1:12. ఆరంగుళాల మెట్లు మూడుంటే 18 అడుగులన్నమాట. చోటు లేదని మెట్ల మీదే సిమెంటు పోసేస్తే స్కూటర్ ఎక్కుతుంది గానీ, మనిషి కూర్చున్న కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. సూటిగా పట్టకపోతే గోడ వెంట మలుపు తిప్పండి. మలుపు దగ్గర 5 అడుగుల చదరం చదునుగా వదలాలి. తలుపు ముందూ అంతే, లేకపోతే తలుపు తీసేలోపు కుర్చీ జారిపోతుంది.

వెడల్పు 4 అడుగులు. అంచుల వెంట 4 అంగుళాల గట్టు, రెండు వైపులా 30, 36 అంగుళాల ఎత్తుల్లో పట్టుకునే కమ్మీలు. నున్నటి గ్రానైట్ వద్దే వద్దు, వానకు జారుడుబండే. సిమెంటు పచ్చిగా ఉండగానే చీపురుతో అడ్డంగా గీతలు లాగి, వారం రోజులు తడపండి.