తుఫాను కాలానికి ముందే మీ నెట్‌వర్క్ అలర్ట్‌లను సరిచూసుకోండి

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం మీద విరుచుకుపడింది. 2018 అక్టోబర్‌లో తిత్లీ శ్రీకాకుళం జిల్లాను కుదిపేసింది. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. కోస్తాలో బ్రాంచీలున్న సంస్థల్లో నెట్‌వర్క్ చూసుకునేవాళ్లకు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా కంటి మీద కునుకు ఉండదు. అలాంటి రాత్రి మానిటరింగ్ స్క్రీన్ మొత్తం ఎర్రబడిపోతుంది. అందులో ముందు దేని సంగతి చూడాలో అప్పటికప్పుడు కూర్చుని ఆలోచించే వీలుండదు. ఆ ఆలోచనంతా సెప్టెంబర్‌లోనే అయిపోవాలి.

అన్నిటికన్నా ముందు ఒక విషయం. ‘డివైస్ డౌన్’ అని అలర్ట్ వచ్చిందంటే డివైస్ పోయిందని కాదు. మన మానిటరింగ్ సర్వర్ ఉన్న చోటి నుంచి దాన్ని అందుకోలేకపోయామని, అంతే. మధ్యలో కరెంటు ఉంది, ఫైబర్ ఉంది, ఆపరేటర్ రూటర్ ఉంది, ఫైర్‌వాల్ ఉంది. వీటిలో ఏది దెబ్బతిన్నా స్క్రీన్ మీద కనిపించేది ఒకటే ఎర్ర గీత. కింద చెప్పే జాగ్రత్తలన్నీ ఆ కారణాలను ముందే విడదీసి పెట్టుకోవడానికే.

ముందు దారి, తర్వాత డివైస్

ఒక బ్రాంచీలో రూటర్, దాని వెనక రెండు స్విచ్‌లు, నాలుగు యాక్సెస్ పాయింట్లు, ఒక కెమెరా రికార్డర్ ఉన్నాయనుకుందాం. లింక్ తెగితే ఎనిమిది అలర్ట్‌లు వస్తాయి. అలాంటి బ్రాంచీలు ముప్ఫై ఉంటే ఆ రాత్రి పరిస్థితి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. అందుకే ఏది దేని వెనక ఉందో సిస్టమ్‌కి చెప్పాలి. జాబిక్స్ అనే మానిటరింగ్ సాఫ్ట్‌వేర్‌లో దీన్ని ట్రిగ్గర్ డిపెండెన్సీ అంటారు. నాగియోస్ అనే మరో సాఫ్ట్‌వేర్‌లో ప్రతి హోస్ట్‌కి (అంటే డివైస్‌కి) పేరెంట్ రాస్తారు, అంటే దాని ముందున్న డివైస్ పేరు. జాబిక్స్‌లో అలా రాస్తే, రూటర్ పోయినప్పుడు వెనకున్నవాటి అలర్ట్‌లు ఆగిపోతాయి. నాగియోస్‌లో అవి ‘డౌన్’ అని కాకుండా ‘అన్‌రీచబుల్’ అని పడతాయి. ఆ అన్‌రీచబుల్‌కి మెసేజ్ రాకుండా ఆపేయండి.

ఇక్కడ చాలామంది గమనించని చిక్కు ఒకటుంది. డిపెండెన్సీ రాసినా పిల్ల అలర్ట్‌లు, అంటే వెనకున్నవాటివి, ముందే వచ్చేస్తుంటాయి. రూటర్ చెకింగ్ వంతు ఇంకా రాకముందే స్విచ్ వంతు వస్తే, రూటర్ బాగానే ఉందనుకుని సిస్టమ్ స్విచ్ మీద అలర్ట్ కొట్టేస్తుంది. కాబట్టి రూటర్‌ని తరచుగా, వెనకున్నవాటిని నెమ్మదిగా చూసేలా పెట్టండి. రూటర్‌కి 30 సెకన్లకోసారి పింగ్ (‘ఉన్నావా’ అన్న పలకరింపు) కొట్టి, వరుసగా మూడు తప్పితే అలర్ట్, స్విచ్‌లకి నిమిషానికోసారి ఐదు తప్పితే అలర్ట్. ఈ మాత్రం తేడా ఉంటే సరిపోతుంది.

బ్యాకప్ లింక్ సంగతి కూడా ఇప్పుడే చూడాలి. ఫైబర్ తెగి 4జీ మీదకి మారగానే స్పందన సమయం పెరుగుతుంది. జాబిక్స్ టెంప్లేట్లలో మామూలుగా 150 మిల్లీసెకన్లు దాటితే హెచ్చరిక వస్తుంది. భూస్థిర ఉపగ్రహ లింక్ అయితే ఎంత బాగా పనిచేస్తున్నా 500 దాటడం సహజం. భూస్థిర ఉపగ్రహం దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది మరి. అలాంటి బ్రాంచీకి హద్దు వేరుగా పెట్టకపోతే, లింక్ చక్కగా నిలబడి పనిచేస్తున్నంతసేపూ అది పాడైందని సిస్టమ్ చెబుతూనే ఉంటుంది.

ట్రాప్‌లదీ, అంటే ఏదైనా జరగ్గానే డివైస్ తనంతట తాను పంపే కబుర్లదీ, ఇదే కథ. లింక్ మారగానే రూటర్ పంపే ట్రాప్ వేరే ఇంటర్‌ఫేస్ ఐపీ నుంచి బయల్దేరుతుంది. ఆ ఐపీ సిస్టమ్‌కి తెలియదు కాబట్టి ఏ హోస్ట్‌కీ చేరకుండా పక్కకి పోతుంది. ట్రాప్ సోర్స్‌గా లూప్‌బ్యాక్‌ని, అంటే ఏ ఒక్క లింక్ మీదా ఆధారపడని రూటర్ సొంత ఐపీని, పెట్టేస్తే ఈ బాధ తప్పుతుంది. అయినా ట్రాప్‌ల మీదే ఆధారపడకండి. అవి యూడీపీ 162 పోర్టు మీద వెళ్లే మెసేజ్‌లు, అందాయో లేదో అడిగేవారుండరు. ‘లింక్ పోయింది’ అన్న కబురు ఆ పోయిన లింక్ మీదే రావాల్సి వస్తే అది ఎప్పటికీ రాదు. పోలింగ్, అంటే సర్వరే ఎప్పటికప్పుడు డివైస్‌ని అడిగి తెలుసుకోవడం, తప్పనిసరిగా ఉండాలి.

కరెంటు: ప్లగ్ పీకి చూడండి

తుఫాను రోజుల్లో ముందు పోయేది కరెంటే, ఫైబర్ తర్వాత. అందుకే నా దృష్టిలో అన్ని జాగ్రత్తల్లోకీ ముఖ్యమైనది ఇదే. స్టేటస్ పేజీలో బ్యాటరీ 100 శాతం అని ఉంటే నమ్మకండి. అది చార్జ్ ఎంతుందో చెబుతుంది కానీ, ముసలిదైన బ్యాటరీ ఎంతసేపు మోస్తుందో చెప్పదు. ఒక శనివారం సాయంత్రం బ్రాంచీ పని అయిపోయాక, అక్కడి మనిషిని ఫోన్లో పెట్టుకుని, మీ స్క్రీన్ మీ ముందు పెట్టుకుని యూపీఎస్‌కి వచ్చే మెయిన్స్ ఆపించండి.

‘బ్యాటరీ మీద నడుస్తోంది’ అన్న అలర్ట్ నిమిషంలోపు వచ్చిందా? చాలాచోట్ల రాదు. కారణం చూస్తే యూపీఎస్‌లోని నెట్‌వర్క్ కార్డ్ కేబుల్ వెళ్లి ఏదో మూలనున్న చిన్న స్విచ్‌లో ఉంటుంది. ఆ స్విచ్ ప్లగ్ మాత్రం గోడ సాకెట్‌లో ఉంటుంది. కరెంటు పోగానే ముందు ఆ స్విచ్ ఆరిపోతుంది. యూపీఎస్ తన కబురు పంపుదామన్నా దారి ఉండదు. ఇలాంటివి ఎంత కాగితం మీద చూసినా దొరకవు, ప్లగ్ పీకితేనే దొరుకుతాయి.

యూపీఎస్ నుంచి మిగిలిన నిమిషాలు, బ్యాటరీ మీద గడిచిన సెకన్లు రెండూ తీసుకోండి. చాలా యూపీఎస్ కార్డులు పాటించే ప్రామాణిక మిబ్‌లో (డివైస్‌ని ఏయే అంకెలు అడగొచ్చో చెప్పే జాబితాలో) ఈ రెండూ ఉన్నాయి. లోడ్ మీద అరగంట నడిపి, ఆ అరగంటలో మిగిలిన నిమిషాల అంకె ఎలా దిగిందో రాసుకోండి. అంకె మెల్లగా దిగుతూ ఒక్కసారిగా కుప్పకూలితే ఆ బ్యాటరీలు ఈ సీజన్ దాటవు, మార్పించండి. జనరేటర్ ఉంటే ఏసీ కూడా దాని మీద ఉందో లేదో అడగండి. ర్యాక్‌కి కరెంటు ఉండి ఏసీకి లేకపోతే గదిలో వేడి ఎక్కిపోతుంది. పరికరాల్లోకి వెళ్లే గాలి 27 డిగ్రీలు దాటితే హెచ్చరిక వచ్చేలా పెట్టుకోవడం మంచిది.

ఫైబర్ వెలుతురు ఎంతుందో ఇప్పుడే రాసుకోండి

ఎస్‌ఎఫ్‌పీ మాడ్యూల్ (ఫైబర్‌ని స్విచ్‌కి తగిలించే చిన్న ముక్క) తనకు అందే వెలుతురును డీబీఎం అనే కొలతలో చెబుతుంది. దానికి అన్ని బ్రాంచీలకూ ఒకే హద్దు పెట్టకండి. సెప్టెంబర్‌లో, ఎండ కాసిన రోజున ప్రతి లింక్‌కి ఎంతుందో నోట్ చేసి, దానికన్నా 3 డీబీ తగ్గితే హెచ్చరిక పెట్టండి. 3 డీబీ అంటే వెలుతురు సగానికి పడిపోయినట్టే. వానల్లో జాయింట్ పెట్టెలోకి నీళ్లు చేరినా, కేబుల్ ఎక్కడైనా నలిగినా లింక్ తెగకముందే ఈ అంకె దిగడం మొదలుపెడుతుంది. ఆపరేటర్‌కి ఫోన్ చేసినప్పుడు ‘నెట్ స్లోగా ఉందండీ’ అనడం కన్నా ‘మొన్నటిదాకా మైనస్ 8 ఉండేది, ఇవాళ మైనస్ 12 వస్తోంది’ అంటే పని త్వరగా కదులుతుంది.

సీజన్‌లో టెన్షన్ పెట్టే దొంగ అలర్ట్‌లు

‘రూటర్ రీబూట్ అయింది’ అని వస్తుంది, చూస్తే ఎవరూ ముట్టుకోలేదు. ఎస్‌ఎన్‌ఎంపీలో (మానిటరింగ్ సర్వర్ డివైస్‌లను వివరాలు అడిగే పద్ధతి) సిస్‌అప్‌టైమ్ అనే లెక్క, అంటే ఎంతసేపటి నుంచి నడుస్తోందో చెప్పేది, సెకనులో వందో వంతుల్లో, 32 బిట్లలో నడుస్తుంది. 497 రోజులకి నిండిపోయి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఏడాదికి పైగా ఆగకుండా నడుస్తున్న మంచి రూటర్ల మీదే ఈ అలర్ట్ వస్తుంది. ఏ డివైస్ 480 రోజులు దాటిందో ఇప్పుడే జాబితా తీసి పెట్టుకోండి. ఎస్‌ఎన్‌ఎంపీ ఇంజిన్ టైమ్ అనే ఇంకో లెక్క ఇచ్చే పరికరాల్లో దాన్ని కూడా దీనితో పోల్చి చూస్తే నిజం తెలిసిపోతుంది.

దీనికి ఎదురు సమస్య నిజంగా రీబూట్ అయ్యాక వస్తుంది. కరెంటు పోయి వచ్చాక కొన్ని పరికరాలు ఇంటర్‌ఫేస్‌ల నంబర్లను మార్చేసుకుంటాయి. నిన్నటిదాకా మెయిన్ లింక్ గ్రాఫ్ అనుకున్నది ఇవాళ ఖాళీ పోర్టుదై కూర్చుంటుంది, ఆ ఖాళీ పోర్టు డౌన్ అని అలర్ట్ వస్తుంది. సిస్కో కంపెనీ పరికరాల్లో ఇఫ్‌ఇండెక్స్ పర్సిస్ట్ కమాండ్ ఇందుకే ఉంది. మిగతావాటిలో నంబర్‌తో కాకుండా ఇంటర్‌ఫేస్ పేరుతో గుర్తించేలా ఐటమ్‌లు పెట్టుకోండి.

ట్రాఫిక్ గ్రాఫ్‌లు అర్థంపర్థం లేకుండా ఎగిరిపడుతుంటే 32 బిట్ల కౌంటర్ వాడుతున్నారేమో చూడండి. 1 గిగాబిట్ లింక్ నిండుగా నడిస్తే ఆ కౌంటర్ 34 సెకన్లకే తిరగబడుతుంది. 64 బిట్లదానికి మారండి.

పింగ్ వస్తుంది, ఎస్‌ఎన్‌ఎంపీ రాదు. ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే తుఫానులో తడిసిన స్విచ్ తీసేసి స్పేర్ పెట్టినప్పుడు జరిగేది ఇదే. ఎస్‌ఎన్‌ఎంపీ వీ2సీ వెర్షన్‌లో కమ్యూనిటీ (పాస్‌వర్డ్ లాంటి మాట) తప్పయితే చాలా డివైస్‌లు తప్పని కూడా చెప్పవు, ఊరుకుంటాయి. చూసేవాళ్లకు చచ్చిపోయినట్టే ఉంటుంది. వీ3 వాడేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. కొన్ని సిస్కో స్విచ్‌ల కాన్ఫిగ్ బ్యాకప్‌లో ఎస్‌ఎన్‌ఎంపీ యూజర్ కనపడడు, స్పేర్ మీద మళ్లీ సృష్టించాల్సిందే. అందుకని స్పేర్‌ని పెట్టెలో ఉంచి వదిలేయకుండా ఇప్పుడే కాన్ఫిగ్ వేసి, మానిటరింగ్‌లోకి ఒకసారి తెచ్చి, పనిచేశాక మళ్లీ పెట్టెలో పెట్టండి. హైదరాబాద్‌లో స్టాండ్‌బై మానిటరింగ్ సర్వర్ ఉంటే దాని ఐపీ కూడా ప్రతి డివైస్ యాక్సెస్ లిస్ట్‌లో (ఎవరికి జవాబివ్వాలో రాసుండే జాబితాలో) ఉండాలి. లేకపోతే విశాఖ సర్వర్ పడిపోయి హైదరాబాద్‌ది పైకొచ్చిన క్షణంలో అన్ని డివైస్‌లూ ఒకేసారి పోయినట్టు చూపిస్తుంది.

అలర్ట్ మీదాకా రావాలి కదా

మానిటరింగ్ సర్వర్ మెయిల్ పంపేది ఏ లింక్ మీద? ఆ లింకే పోతే? ఇంకో ఆపరేటర్ సిమ్‌తో జీఎస్‌ఎం మోడెమ్ పెట్టండి. దానికీ టవర్ కావాలి, హుద్‌హుద్‌లో ఫోన్లు కూడా మూగబోయాయి. కాబట్టి ఎదురు చెకింగ్ తప్పదు. ప్రతి ఐదు నిమిషాలకూ మన సర్వర్ బయట ఎక్కడో ఉన్న యంత్రానికి ‘ఉన్నాను’ అని చెబుతుండాలి. ఆ మాట ఆగితే ఆ బయటి యంత్రం మనకి మెసేజ్ పంపాలి. విజయవాడలోనో బెంగళూరులోనో ఉన్న మనిషి ఫోన్‌కి కూడా అది వెళ్లేలా చూడండి.

బ్రాంచీల్లో జాబిక్స్ ప్రాక్సీలు (అక్కడి డేటా సేకరించి సర్వర్‌కి పంపేవి) వాడేవాళ్లు ఒక సెట్టింగ్ మార్చాలి. సర్వర్ అందకపోతే ప్రాక్సీ డేటాను మామూలుగా గంటసేపే దాచిపెడుతుంది. ఆపైన పాతది పోతుంది. తుఫానులో లింక్ గంటలో రాదు. ప్రాక్సీ ఆఫ్‌లైన్ బఫర్‌ని 72 గంటలకి పెంచి, డిస్క్‌లో అంత చోటు ఉందో లేదో చూసుకోండి.

ఆ రాత్రి వరుస

అలర్ట్ వచ్చాక సర్వర్ నుంచి పింగ్ కొట్టండి, తర్వాత ట్రేస్‌రూట్ (దారిలో ఎక్కడిదాకా వెళ్తోందో చూపేది). ఎక్కడ ఆగిందో దానికి ముందున్న డివైస్‌లో బ్రాంచీ వైపు పోర్టు పనిచేస్తోందా చూడండి. మధ్యలో ఒక రూటర్ దగ్గర మాత్రమే పింగ్‌లు తప్పిపోతున్నట్టు కనిపించి, దాని తర్వాతవి బాగా వస్తుంటే దాన్ని వదిలేయండి. తనకొచ్చే పింగ్‌లకు జవాబివ్వడం తగ్గించుకుంటోందంతే. ఆ తర్వాత ఇంకో చోటి నుంచి, మొబైల్ డేటా మీద నుంచైనా సరే, అదే బ్రాంచీని చేరుకోగలరేమో చూడండి.

అప్పటికీ తేలకపోతే బ్రాంచీకి ఫోన్. అక్కడ ఉండేది వాచ్‌మన్ కావచ్చు. ‘రూటర్ చూడు’ అంటే ఆయనకేం తెలుస్తుంది?

‘బాబాయ్, కరెంటు ఉందా?’

‘లేదు బాబూ, జనరేటర్ నడుస్తోంది.’

‘గోడకి తెల్ల డబ్బా ఉంటుంది చూడు. దాని మీద ఎర్ర లైటు వెలుగుతోందా?’

‘ఆ, ఒకటి మిణుకుమిణుకుమంటోంది.’

ఎల్‌ఓఎస్ అని రాసున్న చోట ఎర్ర లైటంటే ఫైబర్ వెలుతురు రావట్లేదని. డబ్బాకి కరెంటుంది, డివైస్ బతికే ఉంది, ఫిర్యాదు చేయాల్సింది ఆపరేటర్‌కి. ఆ డబ్బా ఫోటోలు, లైట్ల పేర్లు, ఏది ఏ రంగులో ఉండాలో ఒక కాగితం మీద తెలుగులో ప్రింట్ తీసి, లామినేట్ చేయించి ర్యాక్ తలుపుకి అతికించండి. గాలి మరీ ఎక్కువగా ఉన్నప్పుడు మాత్రం ఎవర్నీ మేడ మీదకో బయట కేబుల్ దగ్గరకో పంపకండి. నీళ్లు చేరిన గదిలో ప్లగ్ ముట్టుకోమని అస్సలు అడగొద్దు. ఏ బ్రాంచీ లింక్ కూడా అంత అర్జెంటు కాదు.

తుఫాను వెళ్లాక, మెయింటెనెన్స్‌లో (అలర్ట్‌లు ఆపి ఉంచే స్థితిలో) పెట్టిన హోస్ట్‌లను అందులోంచి తీసేయడం మర్చిపోతుంటారు. పెట్టేటప్పుడే ముగిసే తేదీ వేసి, డేటా సేకరణ నడిచేలా ఉన్న రకాన్నే ఎంచుకోండి. అప్పుడే ఏ లింక్ ఎన్ని గంటలకు పడి ఎన్ని గంటలకు లేచిందో మీ దగ్గర రికార్డుంటుంది. లాగ్‌లలో గంటలు కలవకపోతే ఐదున్నర గంటల తేడా ఉందేమో చూడండి, ఆ డివైస్ ఇంకా యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉందన్నమాట.