ప్రోస్టేట్ రేడియేషన్ ట్రయల్‌లో చేరాలనుకునేవారు ముందుగా చూసుకోవలసినవి

బయాప్సీలో (చిన్న ముక్క తీసి చేసే పరీక్షలో) ప్రోస్టేట్ క్యాన్సర్, అంటే మగవారిలో మూత్రాశయం కింద ఉండే గ్రంథికి వచ్చే క్యాన్సర్ అని తేలి, రేడియేషన్ అవసరమని వైద్యులు చెప్పిన వెంటనే, మగ హార్మోన్‌ను తగ్గించే ఇంజెక్షన్ వేయించుకోకముందే ట్రయల్ (చికిత్సా పద్ధతులను రోగులలో పోల్చి చూసే పరిశోధన) సంగతి అడగాలి. అప్పటికే ఎంతకాలం హార్మోన్ చికిత్స జరిగిందో చాలా ట్రయళ్లు చూస్తాయి. గతంలో పొత్తికడుపుకు రేడియేషన్ తీసుకున్నవారిని సాధారణంగా చేర్చుకోవు. అందుచేత దేవరకొండ నుంచి గాని, అచ్చంపేట నుంచి గాని హైదరాబాదు వెళ్లినవారు మొదటి రోజే రేడియేషన్ ఆంకాలజిస్టును (రేడియేషన్‌తో క్యాన్సర్‌కు వైద్యం చేసే డాక్టరును) ఈ మాట అడగడం మేలు. అయితే జబ్బు వెన్నెముకకు పాకి కాళ్లు బలహీనపడుతున్నా, మూత్రం బిగిసిపోయినా ట్రయల్ కోసం ఆగకూడదు, ఆ చికిత్స అదే రోజు జరగాలి.

వెంట తీసుకువెళ్లవలసిన కాగితాలలో తేదీలతో కూడిన పీఎస్ఏ (ప్రోస్టేట్ కోసం చేసే రక్తపరీక్ష) రిపోర్టులన్నీ, గ్లీసన్ స్కోరు (క్యాన్సర్ తీవ్రతను తెలిపే అంకె) రాసి ఉన్న బయాప్సీ రిపోర్టు, ఎంఆర్ఐ, బోన్ స్కాన్, షుగర్, బీపీ, రక్తం పలచబడే మందుల చీటీలు ఉండాలి. బయాప్సీ స్లైడ్లను కూడా ల్యాబ్ నుంచి అడిగి తీసుకోండి, పెద్దాసుపత్రిలో వాటిని మళ్లీ పరిశీలించే అవకాశం ఉంది. ఏ ట్రయల్ ఎక్కడ జరుగుతున్నదో భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలోని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో ఇంట్లో చదువుకున్న పిల్లలు ఉచితంగా వెతకవచ్చు. ఎవరిని చేర్చుకుంటారో, ఎవరిని చేర్చుకోరో, చేరికలు ఇంకా సాగుతున్నాయో లేదో అందులో రాసి ఉంటుంది. రిజిస్ట్రీ నంబరు చెప్పలేని ట్రయల్‌లో చేరవద్దని నా గట్టి అభిప్రాయం.

ఈ ట్రయళ్లలో చాలావాటి ప్రశ్న రోజుల సంఖ్య గురించే. బ్రిటన్‌లో జరిగిన చిప్ ట్రయల్ ఫలితాలు 2016లో వెలువడ్డాయి. 37 విడతలలో 74 గ్రే (రేడియేషన్ మోతాదు కొలమానం) ఇవ్వడానికి బదులు 20 విడతలలో 60 గ్రే ఇచ్చినా జబ్బు అంతే బాగా అదుపులో ఉన్నదని అది చూపింది. తీవ్రత తక్కువ లేదా మధ్యస్థంగా ఉన్న జబ్బుకు 5 విడతలే చాలునని 2024లో ప్రచురితమైన పేస్-బి ట్రయల్ చెప్పింది గాని, ఆ పద్ధతిలో మూత్ర సంబంధమైన ఇబ్బందులు కొంత ఎక్కువగా కనిపించాయి. తీవ్రత ఎక్కువగా ఉన్నవారిలో 5 విడతలు సరిపోతాయా అని పరీక్షించడానికి ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి ప్రైమ్ అనే ట్రయల్ చేపట్టింది. 20 విడతలంటే వారానికి ఐదు రోజుల చొప్పున నాలుగు వారాలు నగరంలో గది అద్దెకు తీసుకుని ఉండటం. నాగర్‌కర్నూల్ రైతు కుటుంబానికి ఈ తేడా చిన్నది కాదు.

అయినా ట్రయల్‌లో మీకు ఏ పద్ధతి వస్తుందో మీరు గాని, మీ డాక్టరు గాని ఎంచుకోలేరు, దానిని చీటీ తీసినట్లు కంప్యూటరు నిర్ణయిస్తుంది. రెండింటిలో ఏది వచ్చినా సమ్మతమే అనుకుంటేనే చేరండి. మన మీద ప్రయోగాలు చేస్తారన్న భయం ఊళ్లలో ఉన్నది, అది సహజమే. కాని రెండు రేడియేషన్ పద్ధతులను పోల్చే ఇటువంటి ట్రయల్‌లో ఇరువైపుల వారికీ నిజమైన చికిత్సే అందుతుంది.

సమ్మతి పత్రం తెలుగులో ఇవ్వమని అడిగి, ఇంటికి తెచ్చుకుని, కొడుకుతోనో కూతురితోనో గట్టిగా చదివించుకుని వినండి. చదువు రానివారు వేలిముద్ర వేసేటప్పుడు ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి ఒకరు అక్కడ ఉండాలి. ఏ పరీక్షలు ఉచితం, ఏవి ఆరోగ్యశ్రీ కింద వస్తాయి, బస్సు ఖర్చులు ఇస్తారా, హాని జరిగితే చికిత్స ఖర్చు ఎవరిది, ఎథిక్స్ కమిటీ (ట్రయల్‌లో చేరినవారి హక్కులను, భద్రతను చూసే సంఘం) ఫోన్ నంబరు ఏది అన్న ప్రశ్నలకు జవాబులు ఆ పత్రంలోనే వెతకండి. మధ్యలో మానుకునే హక్కు మీకు ఎప్పుడూ ఉంటుంది, మానుకున్నందుకు మామూలు వైద్యం ఆగకూడదు.

మూత్రంలో మంట, మలంలో రక్తం, దాంపత్య సామర్థ్యం తగ్గడం వంటివి చెప్పుకోవడానికి మన పెద్దలు సిగ్గుపడతారు, కాని దాచిపెడితే మీకు సకాలంలో వైద్యం అందదు, ట్రయల్ లెక్కా తప్పుతుంది. మూత్రాశయం నిండుగా, పెద్దపేగు చివరి భాగం ఖాళీగా ఉండేటట్లు చూసుకుని ప్రతి విడతకూ రమ్మంటారు కనుక, నల్లగొండ నుంచి రోజూ బస్సులో వచ్చేవారు నీళ్లు ఎప్పుడు తాగాలో రేడియోథెరపీ టెక్నాలజిస్టును అడిగి తెలుసుకోవాలి. రేడియేషన్ ముగిశాక కూడా కొన్నేళ్లపాటు పీఎస్ఏ పరీక్షలకు వెళ్లవలసి ఉంటుంది. అందుకు తోడు వచ్చేది ఎవరో సంతకానికి ముందే ఇంట్లో తేల్చుకోండి.